పోల్చి చూసే ఊరు

మా పనిలో ‘పోల్చి చూసే ఊరు’ అని ఒక మాట ఉంది. కొత్తగా చేరే పిల్లలకు నేనా మాట చెప్తే పరీక్షకు వచ్చే ప్రశ్న మాదిరి బుద్ధిగా రాసుకునేవాళ్లు. తప్పు లేదు, నేనూ అట్లే రాసుకున్నాను. కానీ ఇప్పుడు ఎవరన్నా ఆ మాట అంటే నాకు కళ్యాణదుర్గం దిక్కున, తారు రోడ్డు వదిలి లోపలికి పోతే వచ్చే ఒక ఊరు కండ్లకు కడుతుంది. ఆ ఊర్లో గొర్లు కాసుకునే ఒకాయన, ఆయన బిడ్డ గుర్తొస్తారు. రిటైరై ఇంట్లో కూర్చున్నా వాళ్లు నన్ను వదిలి పోలేదు. రేపొద్దున మీరూ ఏదో ఒక ఊరికి కొలవడానికి పోతారు కాబట్టి ఈ సంగతి మీ చెవిన వేయాలనిపించింది.

నేను డాక్టర్ను కాను, శాస్త్రవేత్తనూ కాను. ప్రభుత్వం ఏదన్నా ఆరోగ్య పథకం పెడితే దానివల్ల జనం ఒళ్లు నిజంగా బాగైందా లేదా అని చూసే సంస్థలో ఫీల్డ్ సూపర్‌వైజర్‌ని. పథకం పెట్టినామని చెప్పుకునేవాళ్లు చాలామంది. రిబ్బన్ కత్తిరించేవాళ్లు ఇంకా ఎక్కువమంది. కత్తిరించిన రెండేళ్లకు మళ్లా పోయి, ‘ఏమప్పా, ఇప్పుడెట్లుంది?’ అని అడిగేవాళ్లు తక్కువ. ఆ అడగడమే మా ఉద్యోగం.

ఆ రోజుల్లో మేము చూస్తున్నది నీళ్ల సంగతి. మా దిక్కు వానలు తక్కువని మీకు నేను చెప్పనక్కర్లేదు. బోరు లోతుకు పోయేకొద్దీ కొన్ని ఊర్లల్లో నీళ్లతో పాటు ఫ్లోరైడు కూడా పైకొస్తుంది. ఆ నీళ్లు తాగి పెరిగే పిల్లల పండ్లు గార పడతాయి. కొందరికి అంతటితో ఆగదు, కాళ్ల ఎముకలు వంగిపోతాయి. అట్లాంటి ఊర్లల్లో నీళ్లు శుద్ధి చేసే ప్లాంట్లు పెట్టాలని పథకం వచ్చింది. అయితే అన్ని ఊర్లకూ ఒకేసారి పెట్టే శక్తి లేదు. కొన్ని ఊర్లకు ముందు, కొన్ని ఊర్లకు తర్వాత.

మా పరిశోధనకు పెద్ద ఒక ప్రొఫెసర్ మేడం. కోస్తా మనిషి. ఆమె మాట్లాడుతుంటే మా ఆడవాళ్లు కొంగు నోటికడ్డం పెట్టుకొని నవ్వేవాళ్లు, సినిమాలో మాదిరి మాట్లాడతాండాదని. ఎండకు భయపడేవారు కాదు. రాగి సంగటి మొదట్లో మింగలేక ఇబ్బంది పడి, తర్వాత తర్వాత మాకన్న పెద్ద ముద్ద పెట్టించుకునేవారు. ఆమె ఊర్ల పెద్దలందర్నీ కూర్చోబెట్టి చెప్పినారు: “ఎవరికి ముందు ఇవ్వాలో నేను తేల్చను, ఆఫీసర్లూ తేల్చరు. చీటీ తేలుస్తుంది. ముందు వచ్చిన ఊళ్లనూ, తర్వాత వచ్చే ఊళ్లనూ ఒకే రకంగా చూస్తాం. రెంటికీ తేడా ఉంటేనే ఆ మేలు మంచి నీళ్ల వల్ల జరిగిందని చెప్పగలం.”

స్టీలు బిందెలో చీటీలు వేసి తీసినారు. పక్కపక్కనే ఉండే రెండు ఊర్లల్లో రోడ్డు మీది ఊరికి ముందు వచ్చింది, లోపలి ఊరు వెనకబడి, మాకు పోల్చి చూసే ఊరైంది. లోపలి ఊరి పెద్దమనిషి తువ్వాల దులుపుకొని లేచినాడు. “వానా పక్కూర్లోనే పడతాది, చీటీ కూడా పక్కూరికే పడె. పదండప్పా,” అన్నాడు. అందరూ నవ్వినారు. మేమూ నవ్వినాము.

చీటీ వేయడం అన్యాయం అని నేను ఈ రోజుకీ అనను. ఎందుకంటే పోల్చి చూడకపోతే మనం ఎంత సులభంగా మోసపోతామో ఆ మరుసటేడే తెలిసింది. ప్లాంటు పెట్టిన ఊర్లో పిల్లలకు కీళ్ల నొప్పులు తగ్గినాయి. మా వాళ్లందరికీ సంబరం. తీరా లోపలి ఊర్లో చూస్తే అక్కడా తగ్గినాయి! ఆ ఏడు ఎన్నడూ లేనంత వాన పడి చెరువు నిండింది. ఎండిపోయిన పాత బావిలో మంచి నీళ్లు ఊరినాయి, రెండు ఊర్లవాళ్లూ అవే తాగినారు. లోపలి ఊరు లేకుంటే వాన చేసిన మేలంతా ప్లాంటు ఖాతాలో రాసుకొని ఇంటికి పోయేవాళ్లం. ఆ పూట మేడం నాతో అన్న మాట: “చూశారా, ఈ ఊరు మనల్ని కాపాడింది.”

ఆ ఊరిని ఎవరు కాపాడాలనేది ఆ పూట మా ఇద్దరిలో ఎవరికీ తోచలేదు.

గొర్ల కాపరి బిడ్డ నాకు మొదటి ఏడు నుంచే తెలుసు. అప్పుడే బడిలో చేరిన పిల్ల. మాటల పుట్ట. మడమలు రెండూ ఆనించి నిలబెట్టి, మోకాళ్ల మధ్య సందు ఎంతుందో కొలవడం మా పద్ధతి. కాళ్లు తిన్నగా ఉంటే సందు ఉండదు, వంగేకొద్దీ సందు పెరుగుతుంది. ఆ పిల్లకు అదేదో మార్కులు అనిపించినట్టుంది. కొలత అయినాక “ఎంతొచ్చింది సార్? మా క్లాసులో నాకే ఎక్కువనా?” అని అడిగేది. “నీకు చానా తక్కువ తల్లీ,” అంటే మొహం ముడుచుకొని పోయేది. తక్కువ రావడమే మంచిదని చెప్పినా నమ్మేది కాదు. ఎక్కడన్నా తక్కువ మార్కులు మంచివవుతాయా?

మా జట్టులో కోఆర్డినేటర్ అని ఒక కుర్రాడు ఉండేవాడు. చదువు ముగించుకొని నేరుగా మా దగ్గరకే వచ్చినాడు. అంత శ్రద్ధగా పని చేసేవాణ్ని నా సర్వీసులో నేను చూడలేదు. ఒక్క ఇల్లు తప్పిపోయినా మళ్లా అంత దూరం పోయొచ్చేవాడు. పిల్లలకు చెనిక్కాయ చిక్కీ తెచ్చేవాడు. కాపరి బిడ్డ అతణ్ని ‘చిక్కీ అన్న’ అని పిలిచేది.

మూడో ఏడు వానలు మొహం చాటేసినాయి. పాత బావి ఎండి, లోపలి ఊరు మళ్లా బోరు నీళ్లకే వచ్చింది. ఆ ఏడు పిల్లల మూత్రం పరీక్ష చేయించినాము. ఏ నీళ్లు తాగితే ఆ నీళ్ల గుణం అందులో తెలిసిపోతుంది. లోపలి ఊర్లో అందరి పిల్లలకూ ఫ్లోరైడు ఎక్కువే వచ్చింది, కాపరి బిడ్డకు తప్ప. ఆమెది ప్లాంటు ఊరి పిల్లల మాదిరి ఉంది. సీసాలు తారుమారైనాయేమో అని కోఆర్డినేటర్ మళ్లా తీయించినాడు. మళ్లా అదే వచ్చింది.

సంగతేమని కాపరిని అడగడానికి నేనే పోయినాను. ఇంటి ముందర మోపెడ్‌కు అటొకటి ఇటొకటి నీళ్ల క్యాన్లు కట్టి ఉన్నాయి.

“పక్కూరి ప్లాంటు కాడ పట్టుకొస్తాండా సార్,” అన్నాడు దాచకుండా. “పాపకు రేత్రిళ్లు కాళ్లు నొప్పులని ఏడుస్తాండె. మీరే కదా సెప్పినారు, నీళ్ల వల్లేనని. ఆ ప్లాంటు కాడ ఉండే అబ్బి మంచోడు, సందకాడ జనం పల్చబడినాక ఇస్తాడు.”

“మరి గొర్లు?”

“మా తమ్ముడు తోలుకపోయినాడు కాలవ దిక్కుకు. ఈ ఏడు నేను పోలేదు. నేను పోతే నీళ్లెవరు తెస్తారు?”

ఎండాకాలంలో మేపు కోసం మంద వెంట పోకుండా ఊర్లో నిలబడిపోవడం కాపరికి ఎంత పెద్ద సంగతో ఆ మాట చెప్పిన తీరులో ఎక్కడా లేదు. నేను మేడంకు ఫోన్ చేసి చెప్పినాను. “తెచ్చుకోనివ్వండి. ఎవరు ఏ నీళ్లు తాగుతున్నారో ఉన్నది ఉన్నట్టు రాయండి, అంతే,” అన్నారు ఆమె. ఆమె పద్ధతి మొదటి నుంచీ అదే. నేను ఆ సంగతి అంతటితో ముగిసిందనుకున్నాను.

ముగియలేదు. ఆ తర్వాత కాపరిని చూసి ఇంకో నలుగురైదుగురు కూడా క్యాన్లు పట్టుకొని పోబట్టినారు. లోపలి ఊరివాళ్లూ మంచి నీళ్లే తాగితే రెండు ఊర్లకూ తేడా కనపడదు. తేడా కనపడకపోతే ‘ప్లాంట్ల వల్ల ఉపయోగం లేదు’ అని పైవాళ్లు పథకమే ఆపేస్తారు, అప్పుడు లోపలి ఊరితో సహా ఏ ఊరికీ నీళ్లు రావు. కోఆర్డినేటర్ మనసులో జరిగిన లెక్క ఇది. ఆ లెక్కలో తప్పెక్కడుందో మీరు చెప్పండి చూద్దాం. నేను చాలాసార్లు ప్రయత్నించినాను. అంకెల్లో తప్పు లేదు.

అతను ప్లాంటు ఊరికి పోయి, అక్కడుండే అబ్బికి, ‘పక్క ఊరివాళ్లకు ఇయ్యొద్దు, పరిశోధన పాడైపోతుంది’ అని చెప్పినాడు. ఎవరినీ అడగలేదు, ఎవరికీ చెప్పలేదు.

మళ్లా మేము లోపలి ఊరికి కొలతలకు పోయేసరికి ఏడాది దాటింది. మధ్యలో ఆఫీసులో ఏవో అనుమతులు ఆలస్యమైనాయి, మేడం విదేశాల్లో ఉండిపోయినారు. ఆ రోజు మేడం కూడా వచ్చినారు. బడి వరండాలో బల్ల వేసుకొని, సామాను పరచుకొని కూర్చున్నాము. పిల్లలు రాలేదు. కొంచేపుంటే వస్తారులే అనుకున్నాము. పాఠాలు చెప్పే అయివారు తలుపు దగ్గర నిలబడి, “ఈ పొద్దు ఎవరూ రారు సార్,” అన్నాడు మెల్లగా.

అప్పుడు కాపరి వచ్చినాడు. బిడ్డను భుజాల మీద ఎక్కించుకొని వచ్చినాడు. బడికి పోయే వయసు పిల్లను ఎవరన్నా ఎత్తుకొస్తారా అనుకుంటుండగానే దింపి మా ముందర నిలబెట్టినాడు. మడమలు ఆనించి నిలబడు అని మేము చెప్పకముందే ఆ పిల్ల అట్లా నిలబడింది, అలవాటు కదా. మోకాళ్ల మధ్య నా చెయ్యి దూరేంత సందుంది. కొలిచే పని పడలేదు.

“కొల్సుకోండి సార్,” అన్నాడు కాపరి. గొంతు పెంచలేదు. “నేను మోసుకొచ్చే నీళ్లు మీ లెక్కకు అడ్డమొస్తాండాయంట కదా. ఇప్పుడేం అడ్డం లేదు. బాగా కొల్సుకోండి.”

నాకు అర్థం కాలేదు. మేడం నా దిక్కు చూసినారు, నేను కోఆర్డినేటర్ దిక్కు చూసినాను.

“ఏం జరిగింది?” అని మేడం అతణ్ని అడిగినారు.

“స్టడీ చెడిపోతుందని... ప్లాంటు దగ్గర ఇవ్వొద్దని చెప్పాను మేడం. కొన్నాళ్లే కదా అనుకున్నాను. తర్వాత వీళ్లకూ ప్లాంటు వస్తుంది కదా అని...”

“ఎప్పుడు చెప్పారు?”

కాపరి భార్య వెనకాల గోడ నీడన నిలబడి ఉంది. ఆమె ఇచ్చింది జవాబు.

“పోయిన ఎండాకాలం మేడం. అప్పట్నుంచి మళ్లా బోరు నీళ్లే. నీళ్లు యాడికీ పోలేదు, ఆడనే పక్కూర్లో ఉండాయి. మావోడు పోయి కాళ్లు పట్టుకున్నా ఇయ్యలేదు. పెద్ద సదువులోళ్లు వద్దన్నారంట.”

చుట్టూ జనం చేరినారు. ఎవరన్నా మమ్మల్ని తిడితే బాగుండు అనిపించింది. ఒక్కరూ తిట్టలేదు. మేడం కుర్చీలోంచి లేచి ఆ పిల్ల ముందర నేల మీద కూర్చున్నారు. తర్వాత తల ఎత్తి కాపరితో అన్నారు:

“తప్పు మాదే. మా మనిషి చేస్తే నేను చేసినట్టే.”

“తప్పు ఎవురిదైతే ఏమమ్మా,” అన్నాడాయన. “కాళ్లు పాపవి.”



కోఆర్డినేటర్ వరండా చివరకు పోయి గోడకు తల ఆనించి ఏడ్చినాడు. ఆ పిల్ల కొంచేపు చూసి, వాళ్ల నాయన చెయ్యి లాగి, “చిక్కీ అన్న ఏడుస్తాండాడు నాయనా,” అంది. ఆయన అటు చూడలేదు.

ఆ పూట మేము ఎవరినీ కొలవలేదు. మేడం కాపరిని జీపులో కూర్చోబెట్టుకొని ప్లాంటు ఊరికి పోయినారు. ఎవరు క్యాన్ తెచ్చినా నీళ్లు ఇవ్వమని అందరి ముందరా చెప్పినారు. ప్లాంటు అబ్బి బిత్తరపోయి, “నాకు వద్దని సెప్పిందీ మీ మనిషే, ఇయ్యమని సెప్పేదీ మీరే. మధ్యలో నేనేం జేసేది మేడం?” అన్నాడు. పాపం, అతని తప్పేముంది. జీపులో పట్టినన్ని క్యాన్లు నింపుకొని లోపలి ఊరికి వెనక్కొచ్చినాము. కోఆర్డినేటర్ ఒక్కడే అన్నీ దించినాడు. నేను చెయ్యి వేయబోతే వద్దన్నాడు.

మరుసటి వారమే మేడం పైవాళ్ల దగ్గరికి పోయినారు. నేనూ వెంట ఉన్నాను. ఇంతవరకు చూసింది చాలు, మంచి నీళ్ల వల్ల మేలు కనపడుతూనే ఉంది, ఇంక ఆగకుండా మిగిలిన ఊర్లకూ ప్లాంట్లు పెట్టండి అని చెప్పినారు. అక్కడి పెద్దాఫీసరు మర్యాదస్తుడు. టీ ఇప్పించి, “మీ పరిశోధన పూర్తి కాకుండానే ఎట్లా మేడం? రేపు ఆడిట్‌లో అడుగుతారు కదా, సగం రిపోర్టు చూసి ఎట్లా ఖర్చు పెట్టినారని,” అన్నాడు. పూర్తిగా చూడకుండా ఏమీ తేల్చకూడదని ఊరూరా తిరిగి చెప్పింది మేమే. మా మాట మాకే అప్పజెప్పినాడు.

లోపలి ఊరికి ప్లాంటు రావడానికి ఇంకో ఎండాకాలం గడిచిపోయింది. ఆ లోపల కాపరీ మిగిలినవాళ్లూ పక్కూరి నుంచి నీళ్లు మోసుకున్నారు. కోఆర్డినేటర్ ఆ నెలలోనే ఉద్యోగం వదిలేసినాడు. మేడం పొమ్మనలేదు. ఇప్పుడు వేరే ఊర్లో ఏదో కంపెనీలో చేస్తున్నాడు. అప్పుడప్పుడు నాకు ఫోన్ చేస్తాడు. ఇంటి సంగతులూ, ఎండల సంగతులూ మాట్లాడి, పెట్టేసే ముందర గొంతు తగ్గించి “పాప ఎట్లుంది సార్?” అంటాడు. అతణ్ని చెడ్డవాడనుకోవద్దు. మనలో మంచి పనివాళ్లు ఎవరన్నా చేయగల పనే అతను చేసినాడు. నాకు భయం వేసేది అందుకే.

చివరకు పరిశోధన పూర్తయింది. తేడా స్పష్టంగా వచ్చింది. దాన్ని చూసి పథకం ఇంకా చాలా ఊర్లకు పోయింది, పోతూనే ఉంది. కాపరి బిడ్డ సంగతి ఏం చేయాలని మా ఆఫీసులో చర్చ జరిగింది. కొన్నాళ్లు ఆ నీళ్లు, కొన్నాళ్లు ఈ నీళ్లు తాగిన పిల్ల ఏ గుంపులోకీ సరిగా రాదు, తీసేద్దాం అన్నారు కొందరు. మేడం ఒప్పుకోలేదు. చీటీలో ఆ పిల్ల ఊరు ఏ గుంపులో పడిందో ఆ పిల్ల కూడా ఆ గుంపులోనే ఉండాలన్నారు. మా వల్ల నీళ్లు ఆగిన సంగతి కూడా రిపోర్టులో దాచకుండా రాయించినారు.

ఫలితం వచ్చినాక దాన్ని ముందు ఆ ఊర్లవాళ్లకే చెప్పాలనేది మేడం పట్టు. ఆమె, నేను, కొత్తగా చేరిన ఒకమ్మాయి లోపలి ఊరికి పోయినాము. బడి దగ్గర జనాన్ని కూర్చోబెట్టి మేడం తేలిక మాటల్లో చెప్పినారు. మీరు ఓపిక పట్టడం వల్లే ఈ మేలు తెలిసింది, ఇన్ని ఊర్లకు నీళ్లు వచ్చినాయి అన్నారు. జనం తలలాడించినారు. కాపరి కూడా వచ్చినాడు, చివరిదాకా కూర్చున్నాడు. అంతా అయినాక మా దగ్గరికి వచ్చి, “ఆ ఊర్లల్లో పిల్లోళ్లు బాగుండారా మేడం?” అని అడిగినాడు.

“బాగున్నారు.”

“సరే అయితే,” అని గొర్ల దిక్కు వెళ్లిపోయినాడు.

ఆయన బిడ్డ మాత్రం పోలేదు. వరండాలో కూర్చొని మేము సామాను సర్దుకోవడం చూస్తోంది. పెద్ద పిల్లయింది. మాటలు తగ్గినాయి. ఎముకల డాక్టరుకు చూపించినామనీ, ఇంకా కొంచెం పెరిగినాక ఆపరేషన్ చేస్తామన్నారనీ, చేసినా రెండు కాళ్లూ సమంగా వస్తాయని చెప్పలేమన్నారనీ వాళ్లమ్మ చెప్పింది. ఆ ఖర్చు తాను చూసుకుంటానని మేడం వాళ్లను ముందే ఒప్పించి ఉన్నారు.

“ఈసారి కొలవలేదే సార్?” అంది ఆ పిల్ల నాతో.

“ఇంక కొలిచేది లేదు తల్లీ. మా లెక్క అయిపోయింది.”

“మళ్లా రారా?”

నేను మేడం దిక్కు చూసినాను. ఆమె సంచి సర్దుతూ ఆగిపోయినారు.

“లెక్క అయిపోయింది సరే సార్,” అంది ఆ పిల్ల, కోపం లేకుండా, తెలియంది అడిగినట్టు. “నా కాళ్లు ఈడే ఉండాయి కదా.”

జీపు బడి గేటు అవతల ఆపి ఉంది. మమ్మల్ని సాగనంపడానికి ఆ పిల్ల లేచి వెనకాలే వచ్చింది. మేము గబగబా ముందు నడిచి గేటు దాకా పోయి, వెనక్కి తిరిగి చూస్తే ఆమె ఇంకా సగం దూరంలోనే ఉంది. ఒక్కో అడుగుకూ ఒళ్లంతా అటూ ఇటూ ఊగుతోంది. కొత్తమ్మాయి చెయ్యి పట్టుకోవడానికి ఎదురుపోబోతే, “వద్దక్కా, వస్తా,” అని చెయ్యి ఊపింది.

డ్రైవరు ఇంజన్ ఆపేసినాడు. ఆమె వచ్చేదాకా మేము ఎండలో అట్లే నిలబడినాము.